అరవై దాటాక గోదావరి జిల్లాల్లో కాస్త సాహసంగా తిరగాలంటే

గోదావరి జిల్లాలకి పెద్దవాళ్లు వస్తే మనవాళ్లు చూపించే లిస్టు దాదాపు ఒకటే. నాలుగు గుళ్లు, ఒక మంచి భోజనం, వెళ్లేటప్పుడు పూతరేకుల డబ్బా. గుడి ముందు కారు దింపుతారు, దర్శనం అవగానే మళ్లీ ఎక్కిస్తారు. పడవ అంటే "ఈ వయసులో ఎందుకు నాన్నా", నది మధ్య లంకలోకి వెళ్దామంటే "నీ మోకాళ్లతోనా అమ్మా" అంటారు. ఆ మాటలు విని విని విసిగిన 60, 70 ఏళ్లవాళ్ల కోసం రాస్తున్నాను. మీరు నడవగలుగుతున్నారు, మీకు చూడాలని ఉంది. అది చాలు. మిగిలినది పద్ధతిగా ప్లాన్ చేసుకోవడమే.

ఒక్క విషయం ముందే చెప్తాను. ఇక్కడ పెద్దవాళ్లకి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఒడ్డు దగ్గరే. పడవలోకి వేసే అడుగు, పాచి పట్టిన ఘాటు మెట్టు, రైలు దిగే ఆ ఒక్క నిమిషం, అక్కడే జాగ్రత్త కావాలి. నడి గోదారిలో ఏం జరుగుతుందన్నది మన చేతిలో ఉండదు. ఏ పడవ ఎక్కాం, ఏ రోజు ఎక్కాం అన్నదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి అది కూడా ఒడ్డు మీద ఉండగానే తేల్చుకోవాలి.

1. ముందు ఇంట్లోనే చూసుకోండి

టికెట్లు తీసుకునే ముందు ఈ మూడూ చేసి చూడండి. మామూలు ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలరా? ఒక అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కి, పైకెళ్లాక ఆయాసం లేకుండా మాట్లాడగలరా? గోడ పక్కన నిలబడి, గోడని పట్టుకోకుండా ఒంటికాలి మీద 10 సెకన్లు ఉండగలరా? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పడవ ఎక్కేటప్పుడు కాసేపు మనం ఒంటికాలి మీదే ఉంటాం, పైగా రెండో కాలు పెట్టే చోటు కదులుతూ ఉంటుంది.

మూడూ వస్తే కింద రాసినవన్నీ చేయొచ్చు. మూడోది రాకపోతే ప్రయాణం మానక్కర్లేదు. చిన్న పడవలు వదిలేసి రైలు, మడ అడవిలో చెక్కబాట, పంటు (బళ్లనీ మనుషుల్నీ నది దాటించే బల్లపరుపు పడవ) పెట్టుకోండి. వాటితోనే మీ మనసు నిండుతుంది.

మోకాళ్ల నొప్పులుంటే ఒక పద్ధతి అలవాటు చేసుకోండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయాలి. ఫిజియోథెరపిస్టులందరూ చెప్పే మాటే ఇది. ఘాట్ల దగ్గర దీని విలువ తెలుస్తుంది. వారం రోజులు ఇంటి మెట్ల మీద చేస్తే అక్కడ ఆలోచించక్కర్లేకుండా అదే వస్తుంది.

2. మందుల టైము డాక్టరుతో మాట్లాడండి

బీపీకో గుండెకో నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది) వేసుకునేవాళ్లకి పడవ రోజు ఇబ్బంది అవుతుంది. ఉదయం వేసుకున్న మాత్ర సరిగ్గా నది మధ్యలో పని మొదలుపెడుతుంది. దానికి భయపడి చాలామంది ఆ రోజు మాత్ర మానేస్తారు, లేదా నీళ్లు తాగడం మానేస్తారు. రెండూ తప్పే. ఆ ఒక్క రోజుకి టైము మార్చుకోవచ్చేమో డాక్టర్ని ముందే అడగండి.

సుగర్ ఉన్నవాళ్లకి అసలు సమస్య భోజనం ఆలస్యం కావడం. లాంచీలో, దారిలో 12 గంటలకి అన్నం పెడతారన్న నమ్మకం పెట్టుకోవద్దు. మాత్ర వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని తినకపోతే సుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. జేబులో నాలుగు బిస్కెట్లు, గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. అవి బ్యాగులో వద్దు. బ్యాగు కారులో ఉండిపోతుంది.

మందుల చీటీ ఫోటో మీ ఫోనులోనూ, తోడు వచ్చేవాళ్ల ఫోనులోనూ ఉంచండి. అవసరమైతే 108కి చేయాలి. ఆ సమయంలో ఎక్కడున్నారో చెప్పడానికి ఊరి పేరు, రేవు పేరు తెలిసి ఉండాలి. అందుకే ఏ ఊళ్లో దిగినా ముందు దాని పేరు గుర్తుపెట్టుకోండి.

3. నెల చూసుకోండి

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదారి ఎర్రగా, వడిగా ఉంటుంది. గట్టు మీంచి చూడటానికి అంత గొప్ప దృశ్యం ఇంకొకటి ఉండదు గానీ, పడవ ఎక్కే కాలం కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాజమండ్రి ఎండ కుర్రవాళ్లనే పడగొడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకి సరైన కాలం. ఆ నెలల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది కాబట్టి, మంచు విడిచాకే రోడ్డు ఎక్కండి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 12 రోజులు జరుగుతాయి. 2015లో మొదటి రోజు ఉదయమే రాజమండ్రి పుష్కర ఘాటు దగ్గర తొక్కిసలాటలో 20 మందికి పైగా చనిపోయారు. స్నానం చేయాలన్న మీ కోరిక తీరాల్సిందే. కానీ మొదటి రోజు, చివరి రోజు, సెలవు రోజులు వదిలేయండి. పేరున్న ఘాటే కావాలని పట్టుబట్టకండి. గోదారి ఏ ఒడ్డున ఉన్నా గోదారే.

4. మొదటి రోజు రాజమండ్రి: రైల్లో నది దాటండి

ఊరు చేరిన రోజు పడవ పెట్టుకోవద్దు. ఒళ్లు కుదుటపడాలి. ఆ రోజుకి సరిపడే సాహసం ఒకటుంది. రాజమండ్రిలో ప్యాసింజరు రైలెక్కి కొవ్వూరులో దిగడం. కొద్ది నిమిషాల ప్రయాణమే, కానీ కింద అంత నీళ్లు, పక్కన మరో రెండు వంతెనలు, మధ్యలో లంకలు. కిటికీ పక్కన కూర్చుని చూస్తే ఇంతకన్నా తక్కువ ఖర్చులో ఇంత ఆనందం ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

దారిలో వంతెనలని గుర్తుపట్టండి. దాదాపు వందేళ్లు, 1997 దాకా రైళ్లని మోసి, ఇప్పుడు ఖాళీగా నిలబడి ఉన్నది హేవలాక్ వంతెన. కింద రైలు, పైన రోడ్డు ఉన్నది 1974 నాటిది. వరసగా విల్లులు పేర్చినట్టు కనిపించేది ఆర్చి వంతెన. హేవలాక్ ఆగిన 1997లోనే అది మొదలైంది.

ఇక్కడ అసలు పని దిగడం. కొవ్వూరులో రైలు ఎక్కువసేపు ఆగదు. వంతెన చివరికి వస్తుండగా, రైలు నెమ్మదించాక లేచి తలుపు దగ్గరికి చేరండి. తోడు వచ్చినవాళ్లు ముందు దిగి, కిందనుంచి చెయ్యి అందించాలి. మీరు రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ముఖం బోగీ వైపు పెట్టి, వెనక్కి దిగండి. చూసేవాళ్లకి వింతగా ఉన్నా, మోకాళ్లకి ఇదే మంచిది. రైలు కదిలితే మాత్రం దిగొద్దు. తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి రావచ్చు.

కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఘాటు చూసి, ఆటోలో రోడ్డు వంతెన మీదుగా వెనక్కి వచ్చేయండి. ఆ వంతెనకి అప్పుడప్పుడు మరమ్మతులు జరుగుతుంటాయి. ఆటో ఎక్కే ముందు తెరిచి ఉందో లేదో అడగండి.

మధ్యాహ్నం పడుకోండి. నిజంగా పడుకోండి. సాయంత్రం నాలుగు దాటాక గోదావరి గట్టు దగ్గరున్న దామెర్ల రామారావు చిత్రశాలకి వెళ్లండి. 1897లో పుట్టి, 1925లో, ఇంకా 30 ఏళ్లు కూడా నిండకుండానే పోయిన చిత్రకారుడు. ఆ వయసులో ఆయన గీసినవి చూస్తుంటే కాలు నొప్పి గుర్తుండదు. అక్కడినుంచి పుష్కర ఘాటు హారతికి. చీకటి పడకముందే చేరి పై మెట్ల మీద చోటు చూసుకోండి. నీటి దగ్గరికి వెళ్లాలనిపిస్తే, తడి మెట్టు మీద కాలు పెట్టొద్దు. పొడిగా ఉన్న ఆఖరి మెట్టు మీద కూర్చుని, చేతితో నీళ్లు అందుకుని తల మీద చల్లుకోండి. పాచి మెట్టు చూడటానికి మామూలుగానే ఉంటుంది, కాలు పెట్టాకే తెలుస్తుంది.

5. రెండో రోజు: ధవళేశ్వరం మీదుగా కాకినాడ

ఇది సులువైన రోజు. ఉదయమే ధవళేశ్వరం వెళ్లి ఆనకట్ట మీద ఓ పది నిమిషాలు నడవండి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ వచ్చింది. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది. ఇక్కడి కాలవల్లో ఒకప్పుడు పడవలు కాకినాడ నుంచి బయల్దేరి, ఏలూరు, కృష్ణ, బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు దాకా వెళ్లేవి. బ్యారేజీ రోడ్డు మీద లారీలు తిరుగుతాయి కాబట్టి ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపు నడవండి.

కడియం నర్సరీల్లో కాసేపు ఆగి, సాయంత్రానికి ద్రాక్షారామం చేరండి. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. పైభాగం దర్శనానికి మెట్లెక్కాలి. రద్దీలో వెనకవాళ్లు తోస్తారు. గోడ వైపు ఉండండి. ఎక్కలేకపోతే కింద దర్శనం చేసుకున్నా దర్శనమే. రాత్రికి కాకినాడ.

6. మూడో రోజు: కోరింగ మడ అడవి, పడవ ఎక్కే పద్ధతి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే కోరింగ అభయారణ్యం. 1839 నవంబరు తుపానులో పాత కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు అక్కడ మనల్ని లోపలికి తీసుకెళ్లేది చెక్కబాట. మడ చెట్ల మధ్య నుంచి, బురద మీదుగా, నీడలో సాగుతుంది. పెద్దవాళ్లు అడవి లోపలికి ఇంత దగ్గరగా, కాలికి బురద అంటకుండా వెళ్లగలిగే చోట్లు మన రాష్ట్రంలో తక్కువ.

ఇక్కడ ఆటుపోట్ల లెక్క తెలిస్తే రెండు రెట్లు చూస్తారు. నీళ్లు ఇంచుమించు ఆరు గంటలకోసారి ఎక్కుతూ, దిగుతూ ఉంటాయి. ఆ వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్లు దిగినప్పుడు చెక్కబాట మీద నెమ్మదిగా నడవండి. బురదలోంచి వేళ్లలా పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తాయి. చెట్టు వాటితోనే గాలి పీల్చుకుంటుంది. వాటి మధ్య ఒక చెయ్యి మాత్రం పెద్దగా ఉండే చిన్న చిన్న పీతలు, బురద మీద గెంతే చేపలు. ఇవి చూడాలంటే అడుగులు ఆపాలి. నడుస్తుంటే అన్నీ బొరియల్లోకి పోతాయి, ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే మళ్లీ బయటికొస్తాయి. పిల్లలతో వచ్చినవాళ్లు వీటిని చూడకుండానే వెళ్లిపోతారు. ఓపిగ్గా నిలబడగలిగే మనకే ఇవి దొరుకుతాయి. చెక్కల మధ్య సందులుంటాయి, చేతికర్ర కొన అందులో దిగకుండా చూసుకోండి.

పడవ మాత్రం నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎక్కండి. అప్పుడు రేవూ పడవా దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. నీళ్లు తగ్గితే పడవ కిందికి పోతుంది, అడుగు చాలా దించాల్సి వస్తుంది. ఉదయం వెళ్లగానే "పోటు ఎప్పుడన్నా?" అని పడవ నడిపే సరంగునే అడగండి. అతనికి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు.

ఇక ఎక్కడం. ఏ పడవకైనా ఇదే పద్ధతి.

లైఫ్ జాకెట్ ఒడ్డు మీదే వేసుకోండి. చీర కట్టుకున్నవాళ్లు పైట జాకెట్ కింద బిగించి, కుచ్చిళ్లు చీలమండ పైకి దోపుకోవాలి. బెల్టులన్నీ పెట్టుకున్నాక, ఎవరినైనా జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వచ్చేస్తే వదులుగా ఉన్నట్టే, మళ్లీ బిగించండి. జాకెట్ లేదంటే ఆ పడవ వద్దు. "ఇక్కడ లోతు లేదండీ" అంటారు, వినొద్దు.

పడవని రేవుకి తాళ్లతో కట్టారో లేదో చూడండి. ఒక మనిషి కాలితో ఆపి పట్టుకోవడం కట్టడం కాదు. మీ బ్యాగు, చేతికర్ర ముందు లోపలికి ఇచ్చేయండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకోండి.

లోపల ఉన్న మనిషిని మీ వేళ్లు పట్టుకోవద్దనండి. మణికట్టు పట్టుకోమనండి, మీరూ అతని మణికట్టు పట్టుకోండి. చెమట చేతిలో వేళ్లు జారతాయి. రేవు ఎత్తుగా ఉంటే నిలబడి దిగకండి. రేవు అంచున కూర్చుని, కాళ్లు పడవలోకి దించి, పాదాలు ఆనాక లేవండి. మొదటి అడుగు పడవ మధ్యలో పడాలి. అంచు మీద పడితే పడవ ఒరుగుతుంది. లోపలికి రాగానే కూర్చోవాలి, ఫోటోలు తర్వాత.

దిగేటప్పుడు చివరగా దిగండి. అందరూ లేచి ఒక పక్కకి వచ్చినప్పుడే పడవ ఊగుతుంది. ఆ గోల తగ్గేదాకా కూర్చుని ఉంటే మీకు సరంగు తీరిగ్గా చెయ్యి అందిస్తాడు.

మాకు బంధువైన ఒక పెద్దావిడ మొదటిసారి ఇలాగే రేవు మీద కూర్చుని దిగారు. పక్కన కాలేజీ పిల్లలు గెంతుతూ దూకుతున్నారు. ఆవిడ వాళ్లని చూసి సిగ్గుపడలేదు, తొందరపడలేదు. కూర్చున్నాక వాళ్లందరికన్నా ఎక్కువసేపు ఆ కాలవ మలుపుల్ని చూసింది ఆవిడే.

మధ్యాహ్నం యానాంలో తిని, ఎదుర్లంక వంతెన మీదుగా గోదారి గౌతమి పాయ దాటి కోనసీమలోకి వచ్చేయండి. రాత్రికి దిండిలో బస. హౌస్‌బోటు తీసుకుంటే బుక్ చేసేటప్పుడే వెస్ట్రన్ టాయిలెట్, కింది గది అడగండి. రాత్రి లేచినప్పుడు బాత్రూం తడిగా ఉంటుంది, చిన్న టార్చి దిండు పక్కనే ఉంచుకోండి.

7. నాలుగో రోజు: అంతర్వేది, ఆ తర్వాత పంటు

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం ఉదయమే ముగించుకుని అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లండి. గోదారి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు అది. ఇసుకలో నడక బరువుగా ఉంటుంది. తడిసి గట్టిపడిన ఇసుక మీద నడిస్తే సగం శ్రమ తగ్గుతుంది, కానీ నీళ్లలోకి మాత్రం దిగొద్దు. నదీ సముద్రమూ కలిసేచోట లోపలి లాగుడు పైకి తెలియదు. మాఘమాసంలో కల్యాణం రోజుల్లో అయితే జనం విపరీతం. సాహసం కోసం వెళ్లే రోజులు కావు అవి.

అక్కడినుంచి సఖినేటిపల్లి రేవు. అవతల నరసాపురం. మధ్యలో పంటు. నాకు ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ మీదికి కార్లు, మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, కూరగాయల గంపలు, స్కూలు పిల్లలు అందరూ ఎక్కుతారు. టూరిస్టుల కోసం పెట్టింది కాదు, ఊరివాళ్లు రోజూ దాటే దారి. అందుకే ఇక్కడ గోదారి మీద జనం ఎలా బతుకుతారో కనిపిస్తుంది.

పంటు ఒడ్డుకి ఆనగానే బళ్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ఆ సమయంలో మీరు రేవు మీద, పక్కకి నిలబడి ఉండాలి. బళ్లు ఎక్కడం పూర్తయ్యాక, ఒడ్డుకి దించే పలక మధ్యలోంచి నడిచి ఎక్కండి. మీ కారు పంటు మీద ఉన్నా, మీరు అందులో కూర్చోవద్దు. దిగి కమ్మీ పక్కన నిలబడండి. ఏదైనా జరిగితే కారు తలుపులు తెరవడానికి చోటుండదు. అవతలి ఒడ్డు వచ్చాక పలక పూర్తిగా నేలకి ఆనిందని మీ కళ్లతో చూశాకే కదలండి. వరద రోజుల్లో, గాలి ఎక్కువైనప్పుడు పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. రైలు టైముకి ముందు రెండు గంటలు చేతిలో ఉంచుకోండి.

పాపికొండల సంగతి

చాలామంది మొదట అడిగేది ఇదే. డెల్టాకి ఎగువన, కొండల మధ్య లాంచీ ప్రయాణం ఇది, రోజంతా పడుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి చాలామంది ప్రాణాలు పోయాయి. అప్పుడు గోదారి వరదలో ఉంది. అందుకే నా మాట ఇది: వరద నీరు పూర్తిగా తీశాక, అనుమతి ఉన్న లాంచీ అయితేనే వెళ్లండి. లైఫ్ జాకెట్ రోజంతా ఒంటి మీద ఉండాలి, భోజనం చేసేటప్పుడు కూడా. కింది డెక్కులో కిటికీల లోపల కన్నా, బయటికి దారి దగ్గరగా ఉన్న కుర్చీ ఎంచుకోండి. పేరంటాలపల్లిలో మునివాటం అనే ఆశ్రమానికి మెట్లెక్కాలి. ఎక్కలేనివాళ్లు లాంచీలోనే ఉండొచ్చు, కొండల మధ్య ఆ నిశ్శబ్దం కూడా చూడాల్సిందే. వెళ్లొచ్చిన మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు.

తిండి

ప్రయాణం రోజుల్లో ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి తేలిగ్గా. గోదావరి భోజనంలో ఊరగాయలు, వేపుళ్లు, నెయ్యి ఎవరూ వదలరు, మీరూ వదలక్కర్లేదు, కాకపోతే పడవ ఎక్కిన తర్వాత తినండి, ఎక్కే ముందు కాదు. బీపీ ఉన్నవాళ్లు అప్పడాలు, ఊరగాయ తగ్గించాలి.

టైముంటే ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు తీయడం చూడండి. బోర్లించిన కుండ కింద మంట. నానబెట్టి రుబ్బిన బియ్యపు పలచని పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క దెబ్బలో లాగుతారు. కళ్లు ఆర్పేలోగా ఆరి, అవతలి మనిషి కనిపించేంత పలచని రేకు ఊడి వస్తుంది. కుండ పక్కన ఆ ఆడవాళ్లు రోజంతా ఆ వేడిలోనే కూర్చుంటారు. కొనేటప్పుడు బేరం ఆడకండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సుగర్ ఉన్నవాళ్లు ఒక్కటి, అదీ భోజనం చివర.

తిరుగు ప్రయాణం

నరసాపురం నుంచే రైలు ఎక్కేలా బుక్ చేసుకుంటే వచ్చిన దారి మళ్లీ తిరగక్కర్లేదు. రైల్వేలో టికెట్ ధరలో సీనియర్ రాయితీ 2020 మార్చి నుంచి లేదు. కానీ 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి కింది బెర్తు కోటా ఉంది. బుక్ చేసేటప్పుడు ఆ కోటా ఎంచుకోండి. ఒక్కరో ఇద్దరో అయితేనే ఆ కోటా వర్తిస్తుంది కాబట్టి పిల్లల టికెట్లు వేరుగా తీయండి. బస్సులో తిరిగేవాళ్లు ఏపీఎస్ ఆర్టీసీలో 60 దాటినవాళ్లకి ఇచ్చే 25 శాతం రాయితీ అడిగి తీసుకోండి. వయసు చూపించే ఒరిజినల్ కార్డు దగ్గర ఉంచుకోండి.